పలువురు ప్రముఖులు పాల్గొన్నారు

జూన్ 9, సోమవారం

ఈరోజు ప్రముఖులు ఎక్కువయ్యారు, పేజీలో చోటు తక్కువైంది.

నిన్న సాయంత్రం టౌన్‌హాల్లో సిమెంటు ఫ్యాక్టరీ యజమానికి సన్మానం. నిర్వాహకులు పంపిన వార్తలో విషయం గోరంత, పేర్లు కొండంత. ఒకరు ప్రముఖ న్యాయవాది, ఒకరు ప్రముఖ విద్యావేత్త, ఇంకొకరు ప్రముఖ సంఘసేవకుడు. ఈ సంఘసేవకుడు ఏ సంఘానికి ఏ సేవ చేశాడో ఈ ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. అయినా ఆయన లేని సభ లేదు. మాది సాయంత్రం పత్రిక, మధ్యాహ్నానికల్లా పేజీ ప్రెస్సుకి పోవాలి. కింద చెప్పుల దుకాణం ప్రకటన ఉంది, అది దేవుడు దిగివచ్చినా కదలదు. అందుకని సన్మానం చేయించుకున్నాయన ఫొటో, పేరు ఉంచి మిగతా వాళ్ళనందరినీ ఒక్క వేటుకు కొట్టేసి 'పలువురు ప్రముఖులు పాల్గొన్నారు' అని రాసి పడేశాను. ఈ మూడు ముక్కలూ లేకపోతే నా ఉద్యోగం ఎప్పుడో ఊడేది.

చెల్లెలు ఆసుపత్రి డ్యూటీ నుంచి రాత్రి రావలసింది పొద్దున వచ్చింది. వార్డులో ఒకమ్మాయికి సీరియస్‌గా ఉందట. టీ పెట్టిస్తే చల్లారిపోయేదాకా చేత్తో పట్టుకుని కూర్చుంది.

జూన్ 10

అనుకున్నంతా అయింది. పేరు రాలేదని ఒక ప్రముఖుడికి కోపం వచ్చింది.

ఫోన్ చేసింది చెల్లెలు పనిచేసే ఆసుపత్రి పీఆర్వో. నేను ఎవరి అన్నయ్యనో అతనికి తెలియదు, నేనూ చెప్పలేదు.

"మా పెద్ద డాక్టరుగారి పేరు లేదేంటండీ వార్తలో?" అన్నాడు.

"చోటు లేదండీ. ప్రముఖుల్లో వచ్చేశారు కదా" అన్నాను.

"ప్రముఖుల్లో అంటే ఎవరికి తెలుస్తుందండీ? అందులో ఎవరైనా ఉండొచ్చు."

అతను ఇంకా ఏదో అనబోతుండగా ఫోన్ చేతులు మారింది. పెద్ద డాక్టరే. "చూడు బాబూ, మొదటి వరసలో కూర్చోబెట్టారు నన్ను. సభ మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా కదల్లేదు. మైకులో మాట్లాడాను కూడా. నన్ను తీసుకెళ్ళి గుంపులో కలిపేస్తావా?" అన్నాడు. తప్పయిపోయిందన్నాను. సవరణ వేస్తానన్నాను. ఫోన్ మళ్ళీ పీఆర్వో చేతికి వచ్చింది. "ప్రముఖ అని వద్దండీ, సుప్రసిద్ధ అని వేయండి" అన్నాడు.

నా లెక్కలో సుప్రసిద్ధ అనేది పోయినవాళ్ళకు వేసే మాట. బతికున్నవాళ్ళకు ప్రముఖ చాలు. ఆ సంగతి అతనికి చెప్పలేదు. రేపు వేయాలి.

జూన్ 11

సవరణ వేయలేదు. చోటు లేదు. నిజం చెప్పాలంటే చోటుంది, ఒళ్ళు వంగలేదు. పీఆర్వో రెండుసార్లు గుర్తు చేశాడు. రేపు తప్పకుండా అన్నాను.

ఆ అమ్మాయి ఇంకా వెంటిలేటర్ మీదే ఉందట. అపెండిక్స్ ఆపరేషన్‌కి వచ్చిన పిల్ల. అంత చిన్నదానికి వెంటిలేటర్ ఏంటి అని అడిగితే చెల్లెలు లేచి వంటింట్లోకి వెళ్ళింది.

జూన్ 12

ఆ పిల్ల పోయింది.

పీఆర్వో ఫోన్ చేసి సవరణ ఇక అక్కర్లేదన్నాడు. "అంత చిన్న విషయానికి ఎందుకులే అన్నారండీ సారు. ఆయనది పెద్ద మనసు. ఇక ఆ సంగతి వదిలేయండి" అన్నాడు.

మంచిదే. ఒక పని తగ్గింది.

జూన్ 13

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా క్రైమ్ రిపోర్టరును అందరం పిడుగు అంటాం. పొద్దున్నే వాడి కాపీ నా బల్ల మీదకి వచ్చింది. చనిపోయిన అమ్మాయి బంధువులు ఆసుపత్రి ముందు గొడవ చేశారు, ఇంజెక్షను మోతాదు ఎక్కువై ప్రాణం పోయిందని ఆరోపణ. పిడుగు కుర్రతనం కొద్దీ మొదటి వాక్యంలోనే పెద్ద డాక్టరు పేరు రాశాడు. నా చెయ్యి దానంతట అదే కదిలింది. పేరు కొట్టేసి 'నగరానికి చెందిన ఓ ప్రముఖ వైద్యుడు' అని దిద్దాను. ఆసుపత్రి పేరు కొట్టేసి 'ఓ ప్రముఖ ప్రైవేటు ఆసుపత్రి' అని దిద్దాను. మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ ఇది. మంచి జరిగితే ప్రముఖుడి పేరు వేస్తాం, చెడు జరిగితే ప్రముఖుడు అని మాత్రం వేస్తాం. ఎవరో అందరికీ తెలుస్తుంది, ఎవరూ మన మీద కేసు పెట్టలేరు.

అలా దిద్దుకుంటూ మూడో పేరాకి వచ్చాను. 'మోతాదు విషయంలో నిర్లక్ష్యం వహించిన నర్సు' అని ఉంది. ఆ తర్వాత పేరు, ఇంటిపేరు, వయసు, నివాసం ఉండే వీధి. నేను ఉండే వీధే.

ఎడిటర్‌గారి గదికి వెళ్ళాను. "ఈ నర్సు పేరు తీసేద్దాం సార్, ఆరోపణే కదా ఇంకా" అన్నాను. ఆయన కాపీ చూసి, "డాక్టరు పేరు తీసేశావు, ఆసుపత్రి పేరు తీసేశావు, నర్సు పేరు కూడా తీసేస్తే వార్తలో ఇంకేం మిగుల్తుందయ్యా? ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆ ఒక్క పేరూ ఉండనీ" అన్నారు.

మా చెల్లెలు సార్ అని నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు ఆలోచిస్తే నాకే అర్థం కావడం లేదు. చెప్తే వార్త ఇంకొకరికి ఇచ్చేవారు, అంతేగా. పేరు ఎలాగూ వచ్చేది. అంటే చెప్పకపోవడం వల్ల నష్టమేమీ లేదు.

పేజీ వెళ్ళిపోయింది. చనిపోయిన పిల్లను పిడుగు 'ఓ యువతి' అని రాశాడు. నేను దాన్ని ముట్టుకోలేదు.

జూన్ 14

చెల్లెలు పేపరు ముందు పెట్టుకుని కూర్చుంది. "అన్నయ్యా, ఇది నువ్వే దిద్దావా?" అని అడిగింది.

కాదన్నాను.

పూర్తి అబద్ధమేమీ కాదు. దాని పేరు రాసింది నేను కాదు.

జూన్ 15, ఆదివారం

ఈరోజు నోరు విప్పింది. బట్టలు ఆరేస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది.

ఆ ఆదివారం సాయంత్రం ఆపరేషన్ అయిన పిల్లకు నొప్పి ఆగడం లేదట. చెల్లెలు వార్డు ఫోన్ నుంచి పెద్ద డాక్టరుకు చేసింది. ఆయన ఇంజెక్షను పేరు, మోతాదు చెప్పాడు. మోతాదు ఎక్కువగా అనిపించి, "అంత ఇవ్వమంటారా సార్?" అని అడిగింది. ఇవ్వమన్నాడు. పిల్ల సన్నగా ఉంది, దానికి ఇది రెట్టింపు అవుతుందేమోనని మళ్ళీ అడిగింది. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా నీకు?" అన్నాడు ఆయన.

"ఫోన్లో చప్పట్లు వినబడుతున్నాయి అన్నయ్యా. మైకు, చప్పట్లు. ఆయన నా మాట సరిగ్గా విన్నాడో లేదో కూడా తెలీదు."

"మరి ఎందుకిచ్చావు?"

దుప్పటి చివర్లు లాగి క్లిప్పులు పెట్టింది. "అంత పేరున్న డాక్టరు చెప్తే తప్పెందుకవుతుంది అనుకున్నాను. నేను ఎంతదాన్ని అనుకున్నాను. ఇచ్చాను."

కాసేపటికి పిల్లకు ఊపిరి మందగించింది. ఆయన వచ్చేసరికి దానికి మాట కూడా పడిపోయింది.

చప్పట్లు అన్నప్పుడు, మొదటి వరసలో కూర్చోబెట్టారు నన్ను అని ఫోన్లో అన్న గొంతు గుర్తొచ్చింది. మిగిలిన క్లిప్పులు దాని చేతికి అందించాను.

జూన్ 16

చెల్లెల్ని డ్యూటీ నుంచి పక్కన పెట్టారు. ఆసుపత్రి వాళ్ళే ఒక విచారణ కమిటీ వేసుకున్నారు. దాని ముందు పెద్ద డాక్టరు చెప్పిన మాట ఇది: ఆ సాయంత్రం ఆయన ఆసుపత్రిలోనే పైన తన గదిలో ఉన్నాడు, ఫోన్ రాగానే కిందికి వచ్చి పిల్లను స్వయంగా చూసి సరైన మోతాదు చెప్పి వెళ్ళాడు, నర్సు తప్పు విని ఎక్కువ ఇచ్చింది. వార్డు ఆయా, ఇంకో నర్సు ఆయన్ని చూశామన్నారు. చూశామనకపోతే వాళ్ళ ఉద్యోగాలు ఉండవు. వాళ్ళను అనుకుని ఏం లాభం.

చెల్లెలు ఇంటికి వచ్చి బ్యాగు దించకుండానే, "ఆయన వెళ్ళిన టౌన్‌హాల్ సభ వార్త మీ పేపర్లో వచ్చింది కదా. వచ్చినవాళ్ళ పేర్లు వేస్తారు కదా మీరు. ఆయన పేరుంటుంది. చూడన్నయ్యా" అంది.

పాత పేపర్ల కట్టలోంచి సోమవారం నాటిది తానే తీసింది. నేను ఆపలేదు. మూడో పేజీ తిప్పింది. వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి చివరి వాక్యం దగ్గర ఆగింది. పలువురు ప్రముఖులు పాల్గొన్నారు.

"అంటే ఎవరు?" అంది.

"చోటు లేక అలా వేశాం."

"చెప్పులకి ఉందిగా చోటు" అంది. పేపరు మడిచి మళ్ళీ కట్టలో పెట్టింది.

జూన్ 17

సభ నిర్వాహకుల కార్యదర్శికి ఫోన్ చేశాను. చాలా కాలంగా తెలిసిన మనిషి, నన్ను బాబాయ్ అంటాడు. పెద్ద డాక్టరు ఆ సభకు వచ్చాడా అని అడిగాను.

"ఎవరెవరు వచ్చారో ఎలా గుర్తుంటుంది బాబాయ్? చాలామంది ప్రముఖులు వచ్చారు" అన్నాడు.

"నువ్వు పంపిన వార్తలో ఆయన పేరుందిగా."

"పిలిచినవాళ్ళందరి పేర్లూ ముందే రాసి పెట్టుకుంటాం. వచ్చారో లేదో మనమేం చూస్తాం?"

నేను నేర్పిన విద్యే. నాకే తిప్పి అప్పజెప్పాడు.

పెద్ద డాక్టరే నాకు ఫోన్ చేసి సవరణ వేయమన్న సంగతి చెల్లెలికి ఇంకా చెప్పలేదు. చెప్పి ఏం చేస్తాం? ఫోన్లో అన్న మాట ఎవరు నమ్ముతారు? పైగా నేను దాని అన్నయ్యను, కావాలని అల్లానంటారు. ఊరికే ఆశ పెట్టడం మంచిది కాదు.

జూన్ 18

ఎడిటర్‌గారికి తెలిసిపోయింది. ఆసుపత్రి వాళ్ళే చెప్పినట్టున్నారు. గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. ఆయన కూర్చోమంటే నాకు భయం.

"ఆ నర్సు మీ చెల్లెలట. ముందే చెప్పొచ్చుగా. సరే, జరిగిందేదో జరిగింది. డాక్టరుగారు నాతో మాట్లాడారు. మీ చెల్లెలు తన పొరపాటేనని రాసి సంతకం పెడితే పోలీసుల దాకా పోకుండా చూసుకుంటానన్నారు. ఎంతైనా పెద్దమనిషి. సోమవారం లోపల తేల్చుకోండి."

"సంతకం పెడితే దానికి ఇంక ఎక్కడా ఉద్యోగం రాదు సార్."

"పెట్టకపోతే జైలుకు పోతుంది. ఆయన ఎవరనుకుంటున్నావు? ఆయన పలుకుబడి ముందు నువ్వూ నేనూ ఎంత?"

ఇంటికి వచ్చి చెల్లెలికి చెప్పాను. మెల్లగా, నచ్చజెప్పేటట్టు చెప్పాను. పెద్దవాళ్ళతో పెట్టుకోలేమన్నాను. నా జీతం ఉంది, ఇద్దరికీ సరిపోతుందన్నాను. అమ్మ పోయాక నిన్ను చూసుకుంది నేనే కదా, ఇప్పుడూ చూసుకుంటానన్నాను. చాలా బాగా మాట్లాడాను. ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదేమో.

అది మొత్తం విని, "సరే. ఎక్కడ పెట్టాలో చూపించు, పెడతాను" అంది.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

జూన్ 19

ఆ పిల్ల తల్లి మా ఇంటికి వచ్చింది.

ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని ఉంది. ఎవరో తానే చెప్పింది. వీధంతా వినబడేలా శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. చెల్లెలు బయటికి వెళ్ళింది, అదొక్కటే నయం అనిపించింది. లోపలికి రమ్మన్నాను. మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు అందుకుంది కానీ తాగలేదు.

"మీ చెల్లెలు ఆ రాత్రంతా మా పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది బాబూ. డ్యూటీ అయిపోయినా పొద్దుటిదాకా వెళ్ళలేదు. ఆ అమ్మాయిని తిడదామని రాలేదు నేను" అంది.

కుర్చీ ముందుకు జరిపాను, కూర్చుంది.

"నేను వార్డు తలుపు దగ్గరే బల్ల మీద ఉన్నాను. పెద్ద డాక్టరు వచ్చి చూశాడంటున్నారు. రాలేదు. వస్తే నా ముందు నుంచే వెళ్ళాలి కదా. మా పిల్లకు మాట పడిపోయాక వచ్చాడు, మెడలో పెద్ద పూలదండ వాసన వేస్తోంది, దండ లేదు కానీ వాసన ఉంది. ఈ మాట కమిటీ వాళ్ళకి చెబుదామంటే నన్నెవరూ అడగలేదు. తల్లివి కదా, దుఃఖంలో ఉన్నావు, ఇంటికెళ్ళమ్మా అన్నారు."

గ్లాసు కింద పెట్టి, "నువ్వు పేపరులో పనిచేస్తావట కదా. ఆయన పేరెందుకు వేయలేదు?" అని అడిగింది.

నీళ్ళు నమిలాను. అలా వేయడం మా ఆనవాయితీ అని చెప్పలేను కదా. రూలు ఒప్పుకోదని ఏదో గొణిగాను.

"మీ చెల్లెలి పేరు వేయడానికి ఒప్పుకుందా రూలు?" అంది. వెటకారంగా అనలేదు. నిజంగా తెలియక అడిగింది.

ఆమె వెళ్ళిపోయాక ఆ గ్లాసు చాలాసేపు అక్కడే ఉంది. నాకు సిగ్గేసింది. ఇన్ని రోజుల తర్వాత ఇప్పుడేసింది. పిల్ల ఊపిరి మిషను మీద ఉండగా ఆయన నాకు ఫోన్ చేసి తన పేరు వేయమని అడిగాడు. నేను తప్పయిపోయిందన్నాను.

జూన్ 20, శుక్రవారం

వేశాను.

సవరణలు మా పేజీలో ఎడమ వైపు అట్టడుగున వస్తాయి. నాకు తెలిసి వాటిని చదివేది నేనొక్కణ్ణే. ఎడిటర్‌గారు పతాక శీర్షికలు, ప్రకటనలు చూస్తారు, అక్కడితో ఆయన చూపు ఆగిపోతుంది. పేజీ ప్రెస్సుకి పంపే ముందు సవరణ చేర్చాను. ఎక్కడా ఎత్తిపొడుపు లేకుండా, ఎంతో మర్యాదగా రాశాను. పీఆర్వో కోరినట్టే సుప్రసిద్ధ అని వేశాను. పేరు పూర్తిగా, ఇంటిపేరుతో, డిగ్రీలతో వేశాను. గారు చేర్చాను. ఈ నెల ఎనిమిదో తేదీ సాయంత్రం టౌన్‌హాల్ సభలో సభ ప్రారంభం నుంచి ముగింపు వరకు ఆయన మొదటి వరసలో ఆసీనులై ఉన్నారని, ప్రసంగించారని, ఈ విషయం ఆయనే స్వయంగా మా కార్యాలయానికి ఫోన్ చేసి తెలియజేశారని రాశాను. పొరపాటున వారి పేరును పలువురు ప్రముఖులలో కలిపివేసినందుకు చింతిస్తున్నాం అని ముగించాను.

ఇరవై ఏళ్ళలో చింతిస్తున్నాం అని ఎన్నిసార్లు రాశానో. నిజంగా చింతిస్తూ రాయడం ఇదే.

చోటు సరిపోలేదు. చెప్పుల దుకాణం ప్రకటన ఒక అంగుళం పైకి జరిపాను. జరిగింది.

జూన్ 21

పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి ఫోన్లు మోగుతున్నాయి. ఆసుపత్రి నుంచి అనుకున్నాను. కాదు.

మొదటి ఫోన్ ప్రముఖ సంఘసేవకుడిది. "ఏంటండీ అన్యాయం? డాక్టరుగారికి సవరణ వేశారు, నాకెందుకు వేయలేదు? ఆయన పక్క కుర్చీలో నేనే కూర్చున్నాను. ఆయన మధ్యలో ఫోన్ మాట్లాడుతుంటే మైకు చప్పుడు వినబడకుండా నేనే కాస్త అటు జరిగాను కూడా" అన్నాడు.

"ఈ మాట రాసి పంపుతారా?" అని అడిగాను.

"ఎందుకు పంపనండీ? ఇప్పుడే పంపుతాను. సుప్రసిద్ధ అని వేయాలి మరి."

తర్వాత ప్రముఖ న్యాయవాది. తర్వాత ప్రముఖ విద్యావేత్త. ఆయనకు తన ప్రసంగం డాక్టరు ప్రసంగం కంటే ముందు జరిగిందని రికార్డు కావాలట. నాలుగు రోజుల క్రితం ఎవరొచ్చారో గుర్తులేదన్న కార్యదర్శి కూడా చేశాడు. అందరూ నన్ను తిడుతున్నారు బాబాయ్, పేర్లన్నీ వేసేయండి, ఫొటోలు నా దగ్గరున్నాయి, పంపుతాను అన్నాడు. నిజం చెప్పమని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. పేరు వేస్తామనగానే క్యూ కట్టారు. నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. బాత్రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

ఎడిటర్‌గారు పిలిచారు. ఈసారి కూర్చోమనలేదు. "ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అన్నారు.

"డాక్టరుగారు అడిగిందే వేశాను సార్."

"ఆయన వద్దన్నాడుగా తర్వాత."

అంటే ఈయనకూ తెలుసన్నమాట, అడిగినదీ వద్దన్నదీ. ఆయన కిటికీ వైపు తిరిగి, "లెక్క తీసుకుని వెళ్ళిపో" అన్నారు. పిడుగు మెట్ల దాకా వచ్చి నా బ్యాగు పట్టుకున్నాడు. ఏమనాలో తెలియక, జాగ్రత్త సార్ అన్నాడు.

జూన్ 23

సవరణ చదివాక చెల్లెలు సంతకం పెట్టలేదు. సభ ఫొటోలు బయటికొచ్చాక విచారణ ఆసుపత్రి చేతుల్లోంచి పోలీసులకు వెళ్ళింది. ఆ తల్లిని ఈసారి పిలిచి అడిగారు.

సాయంత్రం పేపరు కొనుక్కున్నాను. డబ్బులిచ్చి మా పేపరు కొనడం ఇదే మొదటిసారి. మూడో పేజీలో ఉంది: 'యువతి మృతి కేసులో ఓ ప్రముఖ వైద్యుడిని ప్రశ్నించిన పోలీసులు'. నా కుర్చీలో ఎవరు కూర్చున్నారో గానీ పని బాగా నేర్చుకున్నారు.

చివర్లో 'ఆరోపణలు ఎదుర్కొంటున్న నర్సు' అని ఉంది. పేరు, ఇంటిపేరు, వయసు, వీధి.

జూన్ 25

పని లేదు. పొద్దుట్నుంచీ కిటికీ దగ్గరే.

జూన్ 29, ఆదివారం

ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, విచారణ ముగిసేదాకా వేరే విభాగంలో పని చేయొచ్చట. చెల్లెలు వెళ్ళనంది. ఎక్కడికీ వెళ్ళదట. నేను కోప్పడ్డాను. ఆ డాక్టరు అక్కడ లేడని అందరికీ తెలిసిపోయింది, ఇంక నువ్వెందుకు తల దించుకోవాలి అన్నాను. నీ కోసం ఉద్యోగం పోగొట్టుకున్నాను అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఆయన అక్కడ లేడు. నేనున్నాను కదా. సూది వేసింది నా చెయ్యి కదా" అంది.

"నువ్వు రెండుసార్లు అడిగావు."

"మూడోసారి అడగాల్సింది."

వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. తర్వాత అదే, "ఆ మొదటి వార్త దిద్దింది నువ్వేనని నాకు ఆరోజే తెలుసు. ఓ ప్రముఖ అని అంత చక్కగా ఇంకెవరు రాస్తారు?" అంది. కోపంగా అనలేదు. క్షమించమని అడిగాను. తల ఊపింది. క్షమించినట్టో, విన్నట్టో తెలియదు.

"అన్నయ్యా, ఆ పిల్ల పేరేంటో తెలుసా నీకు?"

తెలియదు. పిడుగు 'ఓ యువతి' అని రాశాడు. నేను దాని మీదుగా పెన్ను నడుపుకుంటూ వెళ్ళిపోయాను, ఎవరని అడగలేదు. తల్లి మా ఇంట్లో కూర్చుని అన్ని మాటలు చెప్పింది, ఆమెనూ అడగలేదు. నేను వేసిన సవరణలో కూడా ఆ పిల్ల లేదు.

చెల్లెలు చెప్పింది. ముందొక మాట, వెనకొక మాట ఏమీ లేకుండా, పేరు మాత్రం చెప్పింది. అంతా కలిపి మూడక్షరాలు.

అలవాటు కొద్దీ దాన్ని మనసులోనే పేజీలో పెట్టి చూసుకున్నాను. దేన్నీ కొట్టేయనక్కర్లేకుండా, ఏ ప్రకటననూ కదపనక్కర్లేకుండా సరిపోయేది. ఇంకా చోటు మిగిలేది.